నలభై రెండు తెల్ల యూనిఫారాలు

ఆ కలర్ ల్యాబులో కింద ప్రింటింగ్ మిషన్లు, పైన ఒకే ఒక్క గది. ఆ గది గోడలకు పట్టుబట్టి బూడిద రంగు వేయించింది రంగులక్క. పక్కన రంగు గోడ ఉంటే ఆ రంగు కంట్లోకి దూరి తీర్పు చెడగొడుతుందంటుంది. కిటికీకి మందపాటి తెర, బల్ల మీద రెండు స్క్రీన్లు, వాటి వెనక ఒక దీపం, అంతే. క్యాలెండరు కూడా ఉండనివ్వదు. ఒకసారి కొడుకు ఎర్ర చొక్కా వేసుకుని పైకొస్తే, "ముందు అది మార్చుకునిరా, తర్వాత మాట్లాడు" అని మెట్ల మీంచే వెనక్కి పంపింది.

ఆవిడ అసలు పేరు ల్యాబు కాగితాల్లో తప్ప ఎవరి నోటా రాదు. ముప్ఫై ఏళ్ళుగా ఫోటోలు దిద్దుతోంది. మొదట్లో సన్న కుంచెతో ప్రింట్ల మీద చుక్కలు కప్పేది. కంప్యూటర్లొచ్చాక ఆ కుంచె స్థానంలో మౌస్ వచ్చింది, కన్ను మాత్రం అదే. పెళ్ళి హాల్లో బల్బుల కింద నారింజ పండ్లలా మెరిసే ముఖాలు, ట్యూబ్‌లైటు కింద పాచిపట్టినట్టు కనిపించే ముఖాలు, ఫ్లాష్ దెబ్బకు కంట్లో ఎర్రగా వెలిగే చుక్కలు, నూనె రాసినట్టు జిగేలుమనే నుదుళ్ళు, ఏది తెచ్చి పడేసినా పది నిమిషాల్లో మనుషుల్ని మనుషుల్లా చేసి పంపేది. "రంగులక్క సరే అందా?" అని ఒకరినొకరు అడిగేవారు ఫోటోగ్రాఫర్లు. అందంటే ఇంక మాట లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఒక మూల, మౌస్ పెట్టిన చోట ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని అంకెలు కనిపిస్తుంటాయి. ఆవిడ ఆ పెట్టెను ఎప్పుడూ మూసే ఉంచేది. "అంకెలు చూసుకుని రంగు దిద్దడమంటే, రోడ్డు దాటడానికి ఎవరి చెయ్యో పట్టుకోవడమే" అనేది.

కింద మిషన్ల దగ్గర ఉండేది కోడలు. ఆ ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది. ప్రింటర్ల సంగతంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. అత్తగారు పైనుంచి పంపిన ఫైలు కింద కోడలి కంప్యూటర్లో తెరుచుకుని, అక్కణ్ణుంచి పేపరు మీదికి దిగుతుంది. ఇద్దరికీ బాగానే పడుతుంది. అంటే, రోజూ పోట్లాడుకుంటారు, ఏ పోట్లాటా మర్నాటికి మిగలదు.

ఆ నెలలో కోడలి చెల్లెలికి ఒంట్లో బాగాలేకపోతే కోడలు మూడు రోజులు వెళ్ళొచ్చింది. ఆ మూడు రోజులూ కొడుకే మిషన్ల దగ్గర నిలబడ్డాడు. ఫైలు వచ్చింది వచ్చినట్టు మిషన్‌కి అప్పజెప్పడం ఒక్కటే అతనికి తెలుసు. సరిగ్గా అప్పుడే నర్సింగ్ కాలేజీ ఫోటో వచ్చింది. చదువు పూర్తయిన నలభై రెండు మంది నర్సులు, తెల్ల యూనిఫారాల్లో, మెట్ల మీద మూడు వరసల్లో. కాలేజీ హాల్లో గోడకు పెట్టడానికి తలుపంత ప్రింటు కావాలన్నారు.

ప్రింటు తీసుకెళ్ళిన ఫోటోగ్రాఫరు మర్నాడే దాన్ని చుట్టచుట్టి తిరిగి తెచ్చాడు. మనిషి పదేళ్ళుగా ఎరిగినవాడే. మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండా నీళ్ళు నమిలాడు.

"అక్కా, ఏమీ అనుకోకండి. వీళ్ళంతా చలికి బిగుసుకుపోయినట్టున్నారు."

"ఎవరు?"

"నర్సులే. కాలేజీ పెద్ద మేడమ్ చూసి, మా పిల్లల్ని ఐస్ పెట్టెలోంచి తీసి నిలబెట్టారా అంది."

రంగులక్క ప్రింటును దీపం కింద పరిచింది. ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. ఆవిడకు ఏ లోపమూ కనబడలేదు.

"ఇంతకన్నా తెల్లగా ఎవడు దిద్దుతాడయ్యా? పాలనురగలా ఉన్నాయి యూనిఫారాలు."

"నాకు నీలంగా కనిపిస్తున్నాయక్కా. ఇదిగో, అంచు చూడండి. ఇక్కడ ఇంకు పడలేదు, ఉత్త పేపరు. ఇది తెలుపు. దీని పక్కన అవి..."

"ఆ పేపరే పసుపు కొడుతోంది! ఆరు నెలల్నుంచి ఆ పేపరు వాడితో యుద్ధం చేస్తున్నా. నువ్వు పేపరును చూసి నన్ను తప్పుపడుతున్నావు."

ముప్ఫై ఏళ్ళ కన్నుతో వాదించే ధైర్యం అతనికి లేదు. "మీరన్నారంటే సరేనక్కా" అన్నాడు. కానీ వెళ్తూ ప్రింటు తీసుకెళ్ళలేదు. బల్ల మీదే వదిలేశాడు. ఆ మాటకన్నా ఆ వదిలేయడమే ఆవిడకు గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున కోడలు తిరిగొచ్చింది. చెప్పులు విప్పకముందే ప్రింటు ఆమె ముందు పరిచి, నవ్వుతూ జరిగిందంతా చెప్పింది రంగులక్క. "ఐస్ పెట్టెట! నీలమట! పాపం, అతనికి కళ్ళజోడు కొనిపెట్టాలి."

కోడలు నవ్వలేదు. ప్రింటును చూసింది. తర్వాత భర్తను చూసింది. అతను మిషన్ వెనక్కి జరిగాడు.

"అత్తయ్యా, తప్పు నాది."

"నువ్వు ఊళ్ళోనే లేవు కదే."

"అదే తప్పు."

రంగులక్కకు అర్థం కాలేదు. కోడలు తన కంప్యూటర్లో పాత ఫైలొకటి తెరిచింది. పక్కన వరసగా లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన గాజు పలకల్లాంటివి. అత్తగారి దిద్దుబాట్లన్నీ అక్కడున్నాయి. అన్నిటికన్నా పైన ఇంకొకటుంది, "చివరి చూపు" అని. కోడలు దాని పక్కనున్న కంటి గుర్తు నొక్కింది. లేయరు మాయమైంది.

"ఇది మీరు పంపింది. ఇందులో నీలం ఎక్కువుంది. నేను కొంచెం నీలం తగ్గించి, పసుపు వైపు జరిపి ప్రింటుకిస్తున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు."

"ఎన్ని ఫైళ్ళకి?"

"అన్నిటికీ."

రంగులక్క ముఖం నిప్పులా అయింది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను అత్తయ్యా? అందరూ మీ కన్ను కోసమే వస్తారు ఇక్కడికి. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని, మీకు రంగు తప్పుతోందని ఏ మొహంతో అనను?"

"నా వంట చప్పగా ఉందని మొహం మీదే అంటావు. నా కొత్త చెప్పులు వేసుకుంటే బాతు నడిచొస్తున్నట్టుందన్నావు."

"చెప్పులు వేరు, ఇది వేరు."

"ఇదేనే అసలు చెప్పాల్సింది! చెప్పులతో ఎవరికి నష్టం?"

అని మెట్లెక్కి వెళ్ళి తలుపు వేసుకుంది.

గదిలో కూర్చుంటే ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నెలలు తను సరే అన్న ప్రతి ఫోటోనీ కింద ఇంకొకరు మళ్ళీ దిద్దారు. తను చూసి మురిసిపోయిన పొగడ్తల్లో సగం కోడలివి. ఇంకా నయం, కోడలు దాచి దిద్దింది గానీ దాచి నవ్వలేదు అనుకుంది. ఆ ఆలోచనతో కొంచెం చల్లబడింది. చల్లబడ్డాక పని గుర్తొచ్చింది. రంగు తప్పినప్పుడు ఏం చెయ్యాలో తనకన్నా ఎవరికి తెలుసు? ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టుకుంటూ పోవాలి.

ముందు స్క్రీన్. రంగులు కొలిచే చిన్న పరికరాన్ని అద్దానికి ఆనించి నడిపింది. స్క్రీన్ బాగానే ఉంది. తర్వాత ప్రింటరు. కొడుకును కేకేసి పరీక్ష ప్రింటు తీయించి, అదే పరికరంతో కొలిచింది. అదీ బాగానే ఉంది. పేపరు. ఖాళీ పేపరు మీద పెట్టి కొలిచింది. అంకెల ప్రకారం అది శుభ్రమైన తెలుపు. ఆరు నెలలుగా తిట్లు తిన్న పేపరు.

ఇంక మిగిలింది ఒక్కటే.

తలుపు తీసి, "అమ్మాయ్, పైకిరా" అంది.

కోడలు భయపడుతూ వచ్చింది. "తొమ్మిది బూడిద రంగు పెట్టెలు చెయ్యి స్క్రీన్ మీద. ఒకటి సరైన బూడిద. మిగతావి కొన్ని నీలం వైపు, కొన్ని పసుపు వైపు. ఏది ఏదో నాకు తెలియకూడదు. అంకెలు మూసెయ్."

కోడలు చేసింది. రంగులక్క ఒక పెట్టెను వేలితో చూపించింది. కోడలు పెట్టెలను అటూ ఇటూ కలిపేసింది. ఆవిడ మళ్ళీ చూపించింది. మళ్ళీ కలిపింది, మళ్ళీ చూపించింది. అప్పుడు అంకెల పెట్టె తెరిచి మౌస్ పెట్టారు. మూడుసార్లూ ఒకటే పెట్టె. ఎరుపు, ఆకుపచ్చలకన్నా నీలం పధ్నాలుగు ఎక్కువ.

రంగులక్క ఆ అంకెల వైపు చాలాసేపు చూసింది.

"చూశావా, తప్పుతోంది గానీ నిలకడగా తప్పుతోంది. ముప్ఫై ఏళ్ళ కన్నంటే మాటలా?"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "డాక్టరు దగ్గరికి వెళ్దామా అత్తయ్యా?"

"ఈ పూటే."

కంటి డాక్టరు చీకటి గదిలో కూర్చోబెట్టి, రెండు కళ్ళలోకీ సన్నటి వెలుతురు వేసి చూసింది. రెండింట్లోనూ శుక్లాలు. "కంట్లో ఒక అద్దం ఉంటుందమ్మా. అది మెల్లగా టీ మరక పట్టిన గాజులా పసుపెక్కిపోయింది. ఒక్కరోజులో వచ్చింది కాదు కాబట్టి మీకు తెలియలేదు. మీరు ఏం పని చేస్తుంటారు?"

"ఫోటోల్లో రంగులు దిద్దుతాను."

డాక్టరు తలెత్తి చూసింది. "మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

"నేను కాదు, మా కోడలు నెట్టుకొచ్చింది."

ముందు కుడి కన్ను, నెల తర్వాత ఎడమ కన్ను అన్నారు. ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. మర్నాడు పొద్దున కట్టు విప్పారు. రంగులక్క ఎదురుగా ఉన్న గోడను చూసింది. ఒక కన్ను మూసింది, తెరిచింది, రెండోది మూసింది. అలా మూస్తూ తెరుస్తూ ఉంటే కొడుకు కంగారుపడి, "అమ్మా, కన్ను కొట్టుకుంటోందా?" అన్నాడు.

"ఉండరా. దీంతో చూస్తే గోడ తెలుపు, దాంతో చూస్తే టీ పోసిన గోడ." తర్వాత కోడలి మెడ చుట్టూ ఉన్న స్కార్ఫు మీద చూపు పడింది. "అది ఊదా రంగా?"

"అవును."

"ఇంత మంచి పిల్ల ఆ మట్టిగుడ్డ ఎందుకు చుట్టుకుంటుందా అని ఏడాదిగా అనుకుంటున్నా."

డాక్టరు ఒక్క హెచ్చరిక చేసింది. కొత్త కంటికి మొదట్లో లోకమంతా కొంచెం నీలంగా కనిపిస్తుంది, మెదడు సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అందాకా రంగుల విషయంలో ఆ కంటిని నమ్మొద్దు అని. పాత కన్నేమో పసుపు, కొత్త కన్నేమో నీలం. రెండూ నమ్మదగ్గవి కావు.

కానీ నర్సింగ్ కాలేజీ వాళ్ళకు ఫోటో కావాలి. పది రోజులాగి రంగులక్క పైగదిలోకి వచ్చి కూర్చుంది.

"నేను దిద్దేస్తాలెండి అత్తయ్యా. నీలం తీస్తే సరిపోతుంది" అంది కోడలు.

"సరిపోదు. ఇందులో జబ్బు ఒక్కటి కాదు. నువ్వు మౌస్ పెట్టి అంకెలు చదువు. చెయ్యి నాది."

మొట్టమొదటి ఫైలు తెరిచారు, ఎవరూ దిద్దనిది. కోడలు ముందు వరసలో ఒక యూనిఫారం మీద మౌస్ పెట్టింది. "ఎరుపు రెండొందల పన్నెండు, ఆకుపచ్చ రెండొందల ఇరవై, నీలం రెండొందల ముప్ఫై ఆరు."

"తెలుపంటే మూడూ సమానంగా ఉండాలి. నీలం ఎక్కువుంది. ఎందుకుంది? ముందు వరస నీడలో ఉంది, పైన మాత్రం ఆకాశం. ఆకాశం రంగే బట్టల మీద పడింది. ఇప్పుడు వెనక వరస చదువు."

వెనక వరసలో నీలం కాదు, ఆకుపచ్చ ఎక్కువుంది. వాళ్ళు వరండా కప్పు కింద, ట్యూబ్‌లైట్ల వెలుతురులో నిలబడ్డారు.

"అర్థమైందా? మొత్తానికి ఒకటే మందు పోస్తే ముందు వరస బాగుపడుతుంది, వెనక వరస చెడుతుంది."

ముందు వరసకు ఒక లేయరు, వెనక వరసకు ఒకటి. ఏది ఎక్కడిదాకా పాకాలో రంగులక్క మాస్కుతో కట్టేసింది, గోడకు రంగేసేవాళ్ళు కిటికీ అంచుకు కాగితం అంటించినట్టు. మధ్య వరసలో రెండూ ఒకదాంట్లోకి ఒకటి మెల్లగా కరిగిపోయేలా మెత్తటి కుంచె నడిపింది. కోడలు చదువుతూ పోయింది. రెండొందల ముప్ఫై, రెండొందల ముప్ఫై, రెండొందల ఇరవై తొమ్మిది.

"చాలు. దాని మీద పీకులాడక్కర్లేదు."

ముందు వరస వాళ్ళ గడ్డాల కింద మాత్రం ఇంకా ఏదో పాకురులా ఉంది. కోడలు మౌస్ అందుకుని ఫోటో మొత్తంలో ఆకుపచ్చ తగ్గించబోయింది. వెంటనే ముందున్న గడ్డి ఎండిపోయినట్టయింది.

"ఆగాగు, పచ్చిక చచ్చిపోయింది! ఆ పచ్చిక మీద పడ్డ వెలుతురే పైకి కొట్టి గడ్డాలకు అంటుకుంది. గడ్డాలకే వైద్యం చెయ్యి. వాటినే పట్టుకుని కొంచెం మెజెంటా వైపు, అంటే ఆకుపచ్చకు విరుగుడైన ముదురు గులాబీ వైపు జరుపు. వెలుగునీ నీడనీ కదపకు, కదిపితే గడ్డం అతికించినట్టుంటుంది."

మూడో వరసలో ఒకమ్మాయి కళ్ళు మూసుకుంది. ఇంకో షాట్లో తెరిచే ఉంది గానీ, అప్పటికి మబ్బు తొలిగి వరండాలోకి ఎండ పడినట్టుంది, ముఖం వెచ్చగా, ఎక్కువ వెలుగుతో ఉంది. ఆ తల తెచ్చి ఇక్కడ పెట్టి, పక్కమ్మాయి యూనిఫారం కాలరు మీద అంకెలకూ ఈమె కాలరు మీద అంకెలకూ పొత్తు కుదిరేదాకా దింపుకుంటూ వచ్చారు. కళ్ళజోడు తీసి ఫోటో దిగిన ఇంకో అమ్మాయికి ముక్కు మీద రెండు గుంటలు ఎర్రగా కనిపిస్తున్నాయి. కోడలు వాటిని పూర్తిగా తుడిచేసింది. రంగులక్క సగం వెనక్కి తెప్పించింది.

"అంతా తీసేస్తే వాళ్ళమ్మ గుర్తుపట్టదు."

"ముఖాల రంగులు కలపాలా అత్తయ్యా? ఒకరు చామన, ఒకరు నలుపు, ఒకరు ఎరుపు."

"నలభై రెండు ముఖాలు, నలభై రెండు రంగులు. బట్టలు తెల్లగా నిలబడ్డాయంటే ముఖాలు వాటి రంగులోనే ఉన్నాయన్నమాట. వాటి జోలికి పోకు."

మధ్యాహ్నానికి పని ముగిసింది. ఈసారి ప్రింటు చూసి ఎవరూ తెలుపు, నీలం అనలేదు. కొలిచారు.

ఫోటోగ్రాఫరు వచ్చినప్పుడు రంగులక్క అతన్ని కూర్చోమంది.

"తమ్ముడూ, ఆ రోజు పేపరు మీద పెట్టాను నేరం. పేపరుది కాదు, మిషన్‌ది కాదు, నీది అసలే కాదు. నా కళ్ళలో శుక్లాలు. నువ్వు చెప్పింది నిజం, నేను వినలేదు."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించారక్కా. మీరంత గట్టిగా అనేసరికి నా కళ్ళకే ఏదో అయిందనుకున్నా. ఎల్లుండి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి పేరు కూడా రాయించుకున్నాను."

ప్రింటు విప్పి చూసి, ఈసారి చుట్టచుట్టి చంకలో పెట్టుకునే వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. కాలేజీ పెద్ద మేడమ్ ఏమీ అనలేదట, ముందుకు వంగి ఒక్కొక్క అమ్మాయినీ పేరు పెట్టి పిలుచుకుంటూ చూసిందట. ఆవిడ నోరు మెదపకుండా మెచ్చుకోవడం అదే మొదటిసారట.

అక్కడితో ఆగలేదు రంగులక్క. కోడలు చాటుగా దిద్దడం మొదలుపెట్టకముందు వెళ్ళిన పనుల సంగతేమిటి? పాత ఫైళ్ళన్నీ తెరిపించి తెల్ల చొక్కాలు, తెల్ల గోడలు, తెల్ల కప్పులు వెతికించి అంకెలు చదివించింది. పదకొండు పనులు నీలం వైపు జరిగి ఉన్నాయి. పదకొండు మందికీ తనే ఫోన్ చేసి, "నా తప్పు, మళ్ళీ ప్రింటు చేసిస్తాను" అని చెప్పింది. ఎక్కువమంది సంతోషించారు. ఇద్దరు ఏం ఫోటోలో కూడా గుర్తులేదన్నారు. ఒక పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "మా షష్టిపూర్తి ఫోటో అది. తెల్లారగట్ల తీసినట్టు ఎంత బావుందో! దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను" అన్నాడు. సరే, ఉంచుకోమంది.

పేపరు వ్యాపారికి కూడా ఫోన్ చేసి క్షమించమంది. "అయ్యో, అక్కా, మీరు తిట్టకపోతే నాకు నెల గడిచినట్టుండదు" అన్నాడతను.

రెండో కన్ను కూడా అయింది. పైగదిలోకి ఇంకో కుర్చీ వచ్చింది. కోడలు సగం రోజు కిందా, సగం రోజు పైనా. ఏ ఫైలైనా ఇద్దరూ చూశాకే వెళ్ళాలని అత్తగారి ఆజ్ఞ. "నాకు తప్పనిపిస్తే నీకు చెబుతాను, నీకు తప్పనిపిస్తే నాకు చెప్పు. చాటుగా దిద్దావంటే మాత్రం నీ స్కార్ఫు కాల్చేస్తాను."

కొన్నాళ్ళకు ఒక చేపల ప్రదర్శనశాల నుంచి పని వచ్చింది. పెద్ద పెద్ద గాజు తొట్ల ఫోటోలు. కోడలు హుషారుగా ఒక తెల్ల చేప పొట్ట మీద మౌస్ పెట్టి, మూడంకెలూ సమానం చేసింది. చేప తెల్లబడింది. తొట్లో నీళ్ళు మాత్రం గిన్నెలు కడిగిన నీళ్ళలా అయిపోయాయి.

"ఇదేమిటే?"

"అంకెలు సరిగ్గానే ఉన్నాయి అత్తయ్యా."

"ఉంటే ఉండనీ. ఆ చేప నీళ్ళలో ఉందే, చాకలి బానలో కాదు. నీళ్ళలో ఉన్నదానికి నీళ్ళ రంగు ఉండాలి. ఇక్కడ అంకెలు పక్కన పెట్టు." మౌస్ తీసుకుని నీలాన్ని మెల్లగా వెనక్కి తెచ్చింది. నీళ్ళు లోతెక్కాయి. చేప వాటిలో తేలింది. "ఇదీ."

కోడలు తల పక్కకు వాల్చి చూసింది. "ఎక్కువైంది అత్తయ్యా."

"ఏం ఎక్కువైంది?"

"నీలం. చేప పొట్ట నీలం అట్టముక్కలా ఉంది. ఒక నాలుగు తగ్గించాలి."

రంగులక్క కుర్చీ వెనక్కి జరుపుకుని, దూరం నుంచి చూసింది. లేచి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఇంకోసారి చూసింది. వచ్చి కూర్చుని రెండు తగ్గించింది.

"రెండే ఇస్తాను. మూడోది అడగకు."

"సరే, రెండు" అంది కోడలు, ఫైలు మూసి ప్రింటుకు కిందికి వెళ్తూ.